లేదనే ఊరు

తాలూకా ఆఫీసు వరండాలో నంగా లెంగా ఊరి పరిచయపత్రం గోడకి వేలాడుతోంది. రెండే కాగితాలు, అద్దం బిగించిన చట్రంలో పక్కపక్కనే. మొదటి కాగితంలో ఊళ్ళో స్తంభాల మీద కట్టిన ఒకటే పొడుగిల్లు, అందులో ఇరవై రెండు గడపలు, నూట ముప్పై మంది మనుషులు, పడవ తప్ప వేరే దారి లేదు అని ఉంది. అంతవరకు అక్షరం తప్పు లేదు. రెండో కాగితంలో వరి పంట లేదు, పండ్ల తోటలు లేవు, సాగుభూమి లేదు, కొండల మీద ఉన్నదంతా పొదలూ అడవీ అని ఉంది. మరి ఈ నూట ముప్పై మంది ఇన్ని తరాలు గాలి భోంచేసి బతికారా అని చదివినవాళ్ళలో ఒక్కడైనా అడగాలి కదా. ఆ వరండాలో అంత తీరిక ఎవరికుంది!

ఆ జవాబులన్నీ తిపోంగ్ నోటి నుంచి వచ్చినవే. ఎవరూ బలవంతపెట్టి చెప్పించలేదు. నవ్వుతూ, నలుగురూ మెచ్చుకునేలా చెప్పింది.

తిపోంగ్ ఊరిపెద్ద లంబోర్‌కి అక్క. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మొగుడు పోయి నాలుగేళ్ళయింది. ముగ్గురు పిల్లలు పుట్టారు గాని ఒక్కరూ దక్కలేదు. లంబోర్ పెళ్ళాం పురిట్లోనే పోతే, ఆ పసిగుడ్డు రెమిని చేతుల్లోకి తీసుకుని గంజినీళ్ళు పట్టి పెంచింది ఈవిడే. ఆ రెమి పన్నెండో ఏట పట్నం బడికి వెళ్ళి, పదేళ్ళ తర్వాత కాళ్ళకి బూట్లతో, తాలూకా ఆఫీసు గుమాస్తాగా తిరిగొచ్చింది. ఊరి పరిచయపత్రం రాయడానికి హెర్మవాన్ అనే అధికారి వెంట కాగితాలు పట్టుకుని వచ్చింది ఆ పిల్లే.

ఆ రోజు పొడుగింటి వసారా ఈ చివర నుంచి ఆ చివరకి చాపలు పరిచారు. బియ్యపు కల్లు జాడీలు మూతలు తీశారు. రెండు కోళ్ళు తెగాయి. లంబోర్ కూతురిని చూసుకుని పొంగిపోతూ మాట పెగలక కూర్చున్నాడు. అంచేత జవాబులు చెప్పే పని అక్క మీద పడింది. పడకపోయినా ఆవిడే అందుకునేది. నంగా లెంగాలో లేదని చెప్పడంలో తిపోంగ్‌ని మించినవాళ్ళు లేరు.

పొడుగింట్లో ఎవరైనా నీకెంత పండిందని అడిగితే, ఏం పండలేదనాలి. వడ్లకి ప్రాణం ఉంది, చెవులున్నాయి. తన గురించి మనుషులు గొప్పలు పోతున్నారని వింటే సిగ్గుపడి గాదె వదిలి పోతుంది. చెట్లయినా అంతే. అడిగేవాడు ఇక్కడివాడే అయితే, ఆ లేదనడంలోంచే సంగతి తెలుసుకుంటాడు. కోళ్ళకి చల్లుతున్నాం అంటే గాదె నిండిందని. బుట్ట పట్టుకుని పక్క గడపకి పోవాలి అంటే రెండేళ్ళకి సరిపడా ఉందని. నిజంగా గాదె అడుగంటిన ఏడు మాత్రం "ఆఁ, ఉంది, కాస్త ఉంది" అంటారు, వెళ్ళిపోయిన ప్రాణాన్ని మళ్ళీ పిలుచుకోవడానికి. ఆ మాట విన్నవాళ్ళు మారు మాట్లాడకుండా బుట్టెడు వడ్లు తెచ్చి గడపలో పెట్టి పోతారు.

"అత్తా, వరి ఏమాత్రం పండుతుంది?" అని రెమి అడిగింది, కలం పట్టుకుని.

"వరా! ఏం వరి తల్లీ! పిచ్చుకలు తినగా మిగిలింది కోళ్ళకి చల్లుతున్నాం. రేపటినుంచి ఆ కోళ్ళని కూడా పక్క ఊరికి పంపాలి, అడుక్కు తినమని."

వసారా అంతా కిసుక్కుమంది. అటక మీద చెట్టుబెరడు గాదెలు బరువుకి కిర్రుమంటున్నాయి అప్పుడు. హెర్మవాన్ మాత్రం నవ్వలేదు. మంచివాడే. "అయ్యో పాపం" అని తల ఊపాడు.

"పండ్ల చెట్లు?"

"పక్షులు రెట్ట వేసిన చోట ఏవో రెండు మొక్కలు లేస్తాయి. కోతులు కూడా వాటి మొహం చూడవు."

"భూమి ఎంత సాగు చేస్తారు?"

"భూమా! పొదలు. ఉత్త పొదలు. మా పాములకే అక్కడ ఇరుకుగా ఉంది."

ముసలి ఉంగ్గాంగ్ తాత తొడ చరిచి, "ఏం చెప్పావే తిపోంగ్! ఒక్క గింజ కదల్లేదు" అన్నాడు. ఊరి కట్టుబాట్లన్నీ ఆయన నాలుక మీదే ఉంటాయి, ఆయన మెచ్చుకున్నాడంటే మాటలు కాదు. తిపోంగ్ మొహం వెలిగిపోయింది. పండ్ల చెట్ల దగ్గర రెమి కలం ఒక్క క్షణం ఆగింది. మేనత్త వైపు చూసింది. మేనత్త కన్ను గీటింది. "రాయమ్మాయ్, పొద్దుపోతోంది" అన్నాడు హెర్మవాన్. రెమి రాసింది.

ఎనిమిది నెలల తర్వాత పాతిళ్ళ గుట్ట మీద ఎర్రరంగు పూసిన కర్రలు పాతి ఉన్నాయి.

పాతిళ్ళ గుట్ట అంటే పూర్వం పొడుగిల్లు ఉన్న చోటు. ఇల్లు ఏటి ఒడ్డుకి మారి మూడు తరాలయింది గాని చెట్లు మారలేదు. కిందనుంచి చూస్తే అడవే. లోపలికి వెళ్తే ఒక్కొక్క చెట్టుకీ నాటినవాళ్ళ పేరుంటుంది, ఆ పేరు చెప్పుకుని పండు ఏరుకునే మనవలుంటారు. తిపోంగ్ ముగ్గురు పిల్లలకీ మూడు దూరియన్ పండ్ల చెట్లు నాటింది. పిల్లలు పోయారు, చెట్లు నిలిచాయి. కాపు రోజుల్లో వాటికింద పాక వేసుకుని పండు పడే చప్పుడు కోసం కూర్చునేది. నాలుగోది రెమి చెట్టు. ఆ గుట్ట పోతే తిపోంగ్‌కి పోయేది తోట కాదు, తన సంసారం మొత్తం.

కర్రల వెనకే కాగితం వచ్చింది. తెచ్చింది రెమి. సాగులో లేని భూమి, హక్కుదారులు లేరు, ముప్పై అయిదేళ్ళకి ఆయిల్ పామ్ కంపెనీకి ఇస్తున్నాం, అభ్యంతరాలుంటే ఫలానా రోజు తాలూకా ఆఫీసుకి వచ్చి చెప్పుకోండి అని దాని సారాంశం. కింద ఊరి పరిచయపత్రం జత చేశారు.

తిపోంగ్ పిల్లని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఏమే, నా మాట నీకు తెలీదుటే? నా చేతి ముద్దలు తిని పెరిగినదానివి, నేను లేదంటే ఉన్నట్టని నీకు తెలీదూ?"

"తెలుసత్తా."

"మరెందుకు రాశావే?"

"ఆయన పక్కనే కూర్చున్నాడు. మావాళ్ళు చెప్పేవన్నీ అబద్ధాలు సార్, తిరగేసి రాసుకోవాలి అని ఎలా చెప్పను? కొత్తగా ఉద్యోగంలో చేరాను. అడవి మనిషని అప్పటికే వెనకాల నవ్వుతున్నారు." రెమి ఏడ్చేసింది. "ఇది ఇంతదాకా వస్తుందనుకోలేదత్తా. గోడకి తగిలించి మర్చిపోతారనుకున్నా."

తిపోంగ్‌కి కోపం నిలవలేదు. కొంగుతో పిల్ల ముక్కు తుడిచింది. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"విచారణ రోజు వచ్చి ఉన్నదంతా పైకి చెప్పండి. చెట్లు, గాదెలు, అన్నీ. నేను అక్కడే ఉంటా. ఇది మా ఆచారం సార్, అందుకే అలా చెప్పారని నేనంటాను."

"అంటావుగా?"

"ఒట్టు."

ఆ సాయంత్రం వసారాలో ఊరంతా కూర్చుంది. ఉన్నదంతా పైకి చెప్పడం! అదీ కొత్త విత్తనం వెయ్యడానికి నెల కూడా లేని రోజుల్లో, వడ్లు చెవులు రిక్కించి వినే రోజుల్లో. ఉంగ్గాంగ్ తాత కట్టుబాటు గుర్తు చేశాడు. గాదెల లెక్క చెప్పినవాళ్ళు ఊరి ఎదుట తప్పు ఒప్పుకుని ఒక పందిని ఇచ్చుకోవాలి, ఆ నెత్తురుతో వడ్ల ప్రాణాన్ని బతిమాలి వెనక్కి పిలవాలి.

"గుట్ట పోతే పోనీ అంటారా?" అంది తిపోంగ్.

"పోనీ అని ఎవరన్నారు? చెప్పేదేదో మెల్లగా చెబుదాం అక్కా," అన్నాడు లంబోర్. "కొద్దిగా ఉన్నాయి సార్, అందాం."

"కొద్దిగా అంటే వాడు కొద్దిగానే రాస్తాడురా. మన కొద్దిగా వాడికేం తెలుసు?"

పక్క గడప లులోంగ్ పసిబిడ్డకి పాలిస్తూ తల దించుకుంది. ఈ ఏడు వడ్ల ప్రాణం వెళ్ళిపోతే ఆ బిడ్డకి గంజి ఎక్కణ్ణించి వస్తుంది అని ఆవిడ బాధ. అది తప్పని ఎవరనగలరు? కాని నాలుక దాచుకుని గుట్ట కూడా దక్కాలంటే కుదిరేదెలా? తిపోంగ్‌కి ఒళ్ళు మండింది.

"సరే, నా నోటితో పోయింది, నా నోటితోనే తెస్తా. పంది నాది. మీరు నా వెనకాల నిలబడితే చాలు. చెయ్యెత్తమని కూడా అడగను. అవునని తల ఊపితే చాలు."

"తల ఊపడానికేం, ఊపుతాం," అన్నారు అందరూ. పడవల్లో కూడా వస్తామన్నారు.

మూడు రోజులు గుట్టంతా తిరిగింది తిపోంగ్. పొడుగాటి పేము బద్ద ఒకటి తీసుకుని చెట్టుకో ముడి వేసింది. ఎవరి చెట్టు దగ్గర వాళ్ళని తలుచుకుని, "క్షమించు తల్లీ, లెక్కపెడుతున్నది గొప్పకి కాదు" అని చెప్పుకుంది. రెమి చెట్టు దగ్గర మాత్రం ఏమీ చెప్పలేదు. ఆ చెట్టు ఆ ఏడే తొలి పూత పూసింది. కాసేపు దానికి వీపు ఆనించి కూర్చుంది.

విచారణ రోజు ఆఫీసు హాల్లో కంపెనీ తరఫున ఇద్దరు, వాళ్ళ ముందు మంచినీళ్ళ సీసాలు. బల్ల వెనకాల హెర్మవాన్. పక్కన రెమి, రాసుకోవడానికి. నంగా లెంగా నుంచి నలభై మంది వెనక బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. తిపోంగ్ లేచి పేము బద్ద విప్పింది.

"దూరియన్ చెట్లు నలభై ఒకటి," అంది. వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "అందులో మొదటిది మా తాతమ్మ నాటింది. నూనెగింజల చెట్లు అరవై మూడు. రంబుటాన్ పండ్ల చెట్లు ఇరవై ఏడు. పొదలన్నానే, అవి పొదలు కాదు సార్, మేం పంట కోసుకుని పడుకోబెట్టిన చేలు. ఎనిమిదేళ్ళకి మళ్ళీ వాటికే వస్తాం. ఇరవై రెండు గడపల్లో ముప్పై ఒక్క గాదెలు వడ్లున్నాయి. నా ఒక్కదానికే రెండు. నిండా ఉన్నాయి."

నిండా అన్న మాట నోటినుంచి పడగానే ఆవిడ బెంచీ అంచు పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు.

హెర్మవాన్ పరిచయపత్రం తీశాడు. "ఏమ్మా, ఇది మీరు చెప్పిందే కదా? వరి లేదు, చెట్లు లేవు, పొదలు. ఆరోజు మీ పేదరికం విని నాకు అన్నం సయించలేదు. ఇవాళ కంపెనీ వస్తోందనగానే నూట ముప్పై ఒక్క చెట్లు మొలిచాయా?"

"అది మా ఆచారం సార్. ఉన్నదాన్ని ఉందనకూడదు. లేదనే చెబుతాం. ఊళ్ళో ఎవర్నయినా అడగండి. మీ పక్కనున్న పిల్లని అడగండి."

కంపెనీ వాళ్ళలో ఒకడు నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. హెర్మవాన్ రెమి వైపు తిరిగాడు.

"ఇలాంటి ఆచారం ఉందా? నీకు తెలిసే ఇలా రాశావా?"

తెలిసే రాశానంటే ఆ ఉద్యోగం ఆ పూటతో సరి. తిపోంగ్‌కి ఆ సంగతి అప్పుడు తట్టింది. తట్టి కూడా, అను తల్లీ, ఒక్క మాట అను అని మనసులో మొక్కుకుంది.

"నాకు తెలీదు సార్," అంది రెమి, కలం వైపు చూస్తూ. "నేను చిన్నప్పుడే పట్నం వెళ్ళిపోయాను."

తిపోంగ్ వెనక్కి తిరిగింది. నలభై మంది ఉన్నారు. తల ఊపుతామన్నవాళ్ళు. హెర్మవాన్ ఒక్కొక్కరినీ లేపి అడిగాడు, మీకేమన్నా చెట్లున్నాయా, గాదెలున్నాయా అని. ఉంగ్గాంగ్ తాత లేచి, "మాకేముంటాయి సార్" అన్నాడు. లులోంగ్ బిడ్డని ఇంకో భుజం మీదకి మార్చుకుని, "ఏం లేవు సార్" అంది. ఇంకొకడు లేవు అన్నాడు, ఆ పక్కవాడు లేవు అన్నాడు. కొందరు ఏడుస్తూ అన్నారు. అందరికీ ఇళ్ళల్లో గాదెలున్నాయి, అవి వింటున్నాయి. వాళ్ళ భయం తిపోంగ్‌కి తెలియనిది కాదు, అయినా ఆ క్షణాన ఒక్కొక్కరి మొహం మీద ఉమ్మేయాలనిపించింది.

చివరికి మిగిలింది లంబోర్.

"ఊరిపెద్దా, నువ్వు చెప్పు," అన్నాడు హెర్మవాన్. "మీ అక్క ఒకటి అంటోంది. మీ అమ్మాయి ఒకటి అంటోంది. ఇద్దరిలో ఎవరిది అబద్ధం? అమ్మాయిదైతే ఆమె మీద చర్య తీసుకోవాల్సి ఉంటుంది."

లంబోర్ కూతురి వైపు చూశాడు. అక్క వైపు చూడలేదు.

"అబద్ధం ఎవరిదీ కాదు సార్. మా అక్కకి... బావ పోయినప్పటినుంచి మతి సరిగా ఉండదు. పిల్లలు కూడా పోయారు కదా. చెట్లకి పేర్లు పెట్టుకుని మాట్లాడుతుంటుంది. మీరేమీ అనుకోకండి."

హెర్మవాన్ మొహం మెత్తబడింది. చెప్పాను కదా, మంచివాడని. అభ్యంతరం కొట్టేస్తూ కాగితం మీద రెండు ముక్కలు రాసి, "జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు. రెమి లేచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అత్త చేతికి ఇవ్వబోయింది. తిపోంగ్ తీసుకోలేదు. పేము బద్ద చుట్ట చుట్టి నడుముకి దోపుకుని బయటికి నడిచింది.

పడవలో తమ్ముడు ఎదురుగా కూర్చున్నాడు. సగం దారి దాటాక మెల్లగా అన్నాడు. "అక్కా, ఇంకేం చెయ్యను చెప్పు. పిల్ల బతుకు పోయేది. ఇప్పుడు నీకూ ఏ తంటా లేదు. మతి లేనివాళ్ళు లెక్క చెబితే అది లెక్క కాదు. పంది ఇచ్చుకోనక్కర్లేదు, వడ్లూ కదలవు. ఒక్క మాటతో అందరూ గట్టెక్కాం."

తమ్ముడు ఇదంతా మంచికే చేశాననుకుంటున్నాడు, అది ఆవిడకి అన్నిటికన్నా ఎక్కువ కష్టంగా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఇంటి కింద దొడ్లోంచి తన ఆడపందిని విప్పింది. మెడకి తాడేసి నిచ్చెన మీద లాక్కుంటూ వసారాలోకి ఎక్కించి, ఉంగ్గాంగ్ తాత చాప ముందు నిలబెట్టింది.

"తప్పు చేశాను తాతా. గాదెల లెక్క చెప్పాను. పంది తీసుకో."

ఉంగ్గాంగ్ తాత లంబోర్ వైపు చూశాడు. పందిని తీసుకుంటే తిపోంగ్‌కి మతి ఉన్నట్టే. మతి ఉంటే నిన్న హాల్లో లంబోర్ అన్నదీ, నలభై మంది అన్నదీ అబద్ధం. అది పక్కన పెట్టినా, ముప్పై ఒక్క గాదెల లెక్క నిజంగా చెప్పినట్టే అవుతుంది, వడ్లు నిజంగా విన్నట్టే అవుతుంది. ముసలాయన చాప మీద జరిగి కూర్చున్నాడు.

"తప్పేం లేదమ్మా. నీ పందిని నువ్వే ఉంచుకో."

"నాకు మతి ఉంది తాతా. ముడివేసి మరీ లెక్కపెట్టాను. నాకు తప్పు వెయ్యండి."

"సరే సరే. తర్వాత చూద్దాం."

తిపోంగ్ పక్క గడపకి వెళ్ళింది. "నేను లెక్క చెప్పానని నువ్వు విన్నావు కదా? పంది తీసుకోమని చెప్పు." వాళ్ళు లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశారు. ఆ పక్క గడప, ఆ పక్క గడప. అరుస్తున్న పందిని లాక్కుంటూ ఇరవై రెండు గడపలూ తిరిగింది. ఆడుకునే పిల్లలు నవ్వబోతే తల్లులు గదిమారు, అలాంటివాళ్ళని చూసి నవ్వకూడదు, తప్పు అని. ఆ గదమాయింపు విన్నాక తిపోంగ్‌కి గుండె చెదిరింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

గుట్ట వైపు నుంచి, విచారణ అయ్యేదాకా ఆగి ఉన్న రంపం మిషన్లు మొదలైన చప్పుడు వినిపించింది. ఒక పెద్ద చెట్టు కూలింది. ఏ చెట్టో ఆవిడకి చప్పుడుని బట్టి తెలిసింది. "తాతమ్మది," అంది పైకి.

లులోంగ్ బిడ్డని దింపి వచ్చింది. తిపోంగ్ చేతిలోంచి తాడు మెల్లగా విడిపించుకుంది. చిన్నపిల్లకి చెప్పినట్టు గొంతు తగ్గించి, "రా అమ్మా, రా. అన్నం తిందువుగాని," అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకుపోయింది.